పొట్టుకు పట్టాభిషేకం

గెడ్డపాలెం షెడ్డులో ఆ ఉదయం గొర్లె పారయ్య చేసిన నేరమల్లా ఒక్కటే. రేకుతో చేసిన గేజిని ఇంజను చక్రం మీద ఆనించి, సందులోంచి వెలుతురు ఎంత వస్తోందో చూసి, "నాలుగు మిల్లీమీటర్లు కోసీవాల" అన్నాడు.

పక్కనే ఉన్న పరిరక్షణాధికారి తాడికొండ శరభేశ్వరరావు గారు రెండడుగులు వెనక్కి వేశారు. ఇంట్లో మనిషికి కాలు తీసేయాలని డాక్టరు చెప్పినట్టు ఆయన మొహం పాలిపోయింది.

"కోయడమా? పారయ్య గారూ, ఇది పందొమ్మిది వందల ఎనిమిది నాటి చక్రం!"

"ఎప్పటిదైతే ఏటి బావూ, అరిగిపోనాది. ఈ అంచు సూడండి, కత్తిలాగ అయిపోనాది. ఇలగే నడిపిస్తే గెడ్డ మలుపుకాడ పట్టా ఎక్కీసి పక్కకి పడిపోతాది."

"అరగడం చరిత్ర," అన్నారు శరభేశ్వరరావు గారు వేలు పైకెత్తి. "కోయడం నష్టం. ఈ రెంటికీ తేడా తెలియకపోతే మనది పరిరక్షణ మండలి కాదు, తుక్కు కొట్టు."

పారయ్యకు ఆ తేడా నిజంగానే తెలియదు. ముప్పై ఏడేళ్ళు అతను చేసిన ఉద్యోగమే చక్రాలు కోయడం. పట్టాల మీద తిరిగి తిరిగి రైలు చక్రం అరుగుతుంది. అంచు పల్చబడుతుంది, పట్టాను తాకే చోట గుంట పడుతుంది. అప్పుడు ఇరుసుతో సహా చక్రాల జతను పెద్ద లేతు మిషను మీదికి ఎక్కించి, గుంట లోతుకు సరిపడా మిగతాదంతా చెక్కేసి, పాత ఆకారం తెప్పించాలి. తెప్పించాక కోసినవాడు చక్రం పక్కన తన గుర్తు కొట్టాలి. రేపు బండి పట్టా తప్పితే ఎవణ్ణి పిలిచి తిట్టాలో పైవాళ్ళకు తెలియాలి గదా. పారయ్య గుర్తు మూడు చుక్కలు, కింద ఒక గీత. జిడ్డు పట్టిన చక్రాన్ని గుడ్డతో తుడవగానే ఆ మూడు చుక్కలూ, గీతా నిక్షేపంలా బయటపడ్డాయి. ఈ చిన్న రైలు లైను మూతపడక ముందు, తొంభై ఆరులో, ఈ నాలుగో నంబరు ఇంజను చక్రాలను చివరిసారి కోసింది తనే.

"బావూ, ఈ సక్రం తొంభయ్యారులో నానే..." అని మొదలుపెట్టాడు.

"అభిప్రాయాలు లిఖితపూర్వకంగా," అన్నారు శరభేశ్వరరావు గారు. అప్పటికే కళ్ళజోడు సవరించుకుని ఆ చుక్కల మీదికి వంగారాయన. "అద్భుతం! ఇది విదేశీ కర్మాగారం వారి రహస్య ముద్ర. సుగుణా, రాసుకో."

రికార్డు అసిస్టెంటు మేరీ సుగుణ రాసుకుంది. పది రోజుల్లో మండలి పత్రికలో ఆ ముద్ర మీద ఎనిమిది పేజీల వ్యాసం వచ్చింది. మూడు చుక్కలు ఆవిరి, అగ్ని, ఉక్కు అనీ, కింద గీత సామ్రాజ్యం అనీ అందులో తేలింది. పారయ్యకు ఆ వ్యాసం ఒక ప్రతి ఉచితంగా ఇచ్చారు.

అతను దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు గాని, అతని బెంగ వేరే. ఊరి పార్కు గేటు దగ్గర ఉన్న రెండో నంబరు ఇంజనును చూసి చూసి పట్టుకున్న బెంగ అది. పదేళ్ళ కిందట దాన్ని సిమెంటు దిమ్మె మీదికి ఎక్కించి, చక్రాలను పట్టాలకు వెల్డింగు చేసి, ఒళ్ళంతా ఆకుపచ్చ రంగు కొట్టారు. ఇప్పుడు దాని పొగగొట్టంలో గోరింకలు, బొగ్గు పెట్టెలో ఖాళీ సీసాలు. పక్కనే నాలుగో నంబరుకూ దిమ్మె కట్టి ఉంచారు. ఏప్రిల్ పద్దెనిమిదిన, వారసత్వ దినం నాడు, షెడ్డు నుంచి నిమ్మలవలస దాకా రెండు కిలోమీటర్లు నడిస్తే ఇంజను బతికినట్టు. నడవకపోతే దిమ్మెక్కుతుంది. మండలి అలా తీర్మానించింది. బాయిలరు వాళ్ళు, బ్రేకుల వాళ్ళు తమ పని ముగించేశారు. మిగిలింది చక్రాలే. షెడ్డులో ఉన్న ఆ పాత లేతును నడపడం తెలిసినవాడు ఈ చుట్టుపక్కల పారయ్య ఒక్కడే.

"నడిసీ బండిని నిలబెట్టీసి రంగులేస్తారే. బతికున్నోడి ఫొటోకి దండేసినట్టు కాదేటి?" అని ఇంటిదగ్గర భార్య నూకాలమ్మతో రోజుకోసారి అనేవాడు. నూకాలమ్మ కూడా రోజుకోసారి "కాదా మరి" అనేది.

*

నాలుగు మిల్లీమీటర్ల విషయమై మండలి అత్యవసరంగా సమావేశమైంది. మూడు గంటలు చర్చించి ఒక తీర్మానం చేసింది. 'మూల పదార్థ తొలగింపు అనివార్యమైన పక్షంలో, తొలగించబడిన పదార్థం సైతం మూల పదార్థముగానే పరిగణింపబడి, తొలగింపునకు పూర్వం ఏ క్రమంలో ఉండెనో అదే క్రమంలో భద్రపరచబడవలెను.'

సుగుణ ఆ కాగితం తెచ్చి పారయ్య చేతిలో పెట్టింది.

"అంటే ఏటి తల్లీ?"

"కోసుకోమన్నారు బాబాయ్. కాకపోతే కోసిన పొట్టు ఒక్క పలుకు కూడా కింద పడకూడదట. వరసగా నంబర్లు వెయ్యాలట."

"పొట్టుకా?"

"పొట్టుకే."

పారయ్య ముక్కున వేలేసుకున్నాడు. సాయంత్రం చీపురుతో ఊడ్చి, తట్టలకెత్తి, తుక్కు గుట్ట మీద పారబోయడం తప్ప ఇనుప పొట్టుకు ఇంకో మర్యాద ఉంటుందని ముప్పై ఏడేళ్ళలో అతనికి ఎవరూ చెప్పలేదు.

మార్చి పదో తారీఖున కొబ్బరికాయ కొట్టి కోత మొదలెట్టారు. లేతు మూలిగి, చక్రాల జత నెమ్మదిగా తిరిగింది. పనిముట్టు మొన తగలగానే ఉక్కు నీలంగా మెరిసి, జిలేబీ చుట్టలా చుట్టుకుంటూ లేచింది. తెల్ల చేతిజోళ్ళు తొడుక్కున్న సుగుణ దాన్ని పట్టకారుతో అందుకుంది.

"ఒకటి!" అన్నారు శరభేశ్వరరావు గారు. "ఆపండి."

"మజ్జిలో ఆపీకూడదు బావూ. ఆపితే మెట్టు పడిపోతాది. ఆ మెట్టు తియ్యాలంటే మల్లీ కొయ్యాల."

"కోయండి. దానికి ఉపసంఖ్య వేద్దాం. ఒకటి బార్ ఒకటి."

అలా ఒక చుట్టకు ఆపడం, ఆపినందుకు మెట్టు పడడం, మెట్టు తీసినందుకు ఇంకో చుట్ట రావడం, దాని కోసం మళ్ళీ ఆపడం. రెండు రోజుల్లో అయ్యే పని వారానికి కూడా తెమల్లేదు. చుట్ట గాలిలో విరిగితే రెండు నంబర్లూ ఒక ప్రమాద నివేదికా. నలుసుల్ని అయస్కాంతంతో ఏరి సీసాలో వేసేవారు. పారయ్య ఇంటికి వెళ్ళే ముందు తెల్ల దుప్పటి మీద నిలబడి చొక్కా దులపాలి. దులిపితే రాలినవాటికి వేరే రిజిస్టరు.

ఏడో రోజు ఒక ముక్క పారయ్య అరచేతిలో గుచ్చుకుంది. లేతు మనిషికి అది దోమ కుట్టినట్టే. ఇంటికి పోయి నూకాలమ్మ చేత పిన్నీసుతో తీయించుకుంటాడు.

"ఎక్కడికి?" అన్నారు శరభేశ్వరరావు గారు అడ్డం నిలబడి. "మీ చేతిలో ఉన్నది ఎనిమిది వందల డెబ్బై ఏడు."

ఇద్దరు సాక్షుల సమక్షంలో, ఫొటోలు తీస్తూ, ముక్కను బయటికి లాగారు. దానికి అంటిన నెత్తురు కడగాలా వద్దా అన్న దగ్గర పని ఆగింది. కడగడం కూడా తొలగింపే గనక వద్దని తేలింది. 'ఎనిమిది వందల డెబ్బై ఏడు, రక్తసిక్తం' అని సుగుణ చీటీ రాసింది. పారయ్య చేతికి మందు రాయాలన్న సంగతి ఏ తీర్మానంలోనూ లేకపోవడం వల్ల ఎవరూ రాయలేదు. సుగుణే సాయంత్రం తన సంచిలోంచి పసుపు రంగు మందు తీసి, "చెయ్యి ఇటివ్వండి బాబాయ్" అంది.

ఇంతలో ఇంకో చిక్కు. పొట్టు తాజాగా కోసింది గనక గాలి తగిలితే తుప్పు పడుతుంది. అందుకని గాజు పెట్టెలు వచ్చాయి, పెట్టెలకు చల్లగాలి మిషన్లు వచ్చాయి, మిషన్లకు జనరేటరు వచ్చింది, అన్నిటికీ నలుగురు కాపలావాళ్ళు వచ్చారు. షెడ్డులో చోటు చాల్లేదు. చోటు కోసం ఇంజనును తోసి ఎండలో నిలబెట్టి, పైన ఒక చిరుగుల టార్పాలిన్ కప్పారు.

"ఇంజనుకి తుప్పు పట్టదా బావూ?" అన్నాడు పారయ్య, ఉండబట్టలేక.

"తుప్పు సహజ క్రియ," అన్నారు శరభేశ్వరరావు గారు ఓపిగ్గా. "మనం జోక్యం చేసుకోకూడదు."

పందొమ్మిది రోజులకు మొదటి జత పూర్తయింది. పొట్టు లెక్క రెండు వేల మూడు వందల పదహారు. ఇంజనుకున్నవి మూడు జతలు. మిగతా రెంటికీ ఇంకో ముప్పై ఎనిమిది రోజులు పడుతుంది. వారసత్వ దినం ఇరవై రోజుల్లో ఉంది. పారయ్య ఈ లెక్క నాలుగుసార్లు వేసుకుని, నాలుగుసార్లూ దిమ్మె దగ్గరే తేలాడు. ఆ రోజు అన్నం సహించలేదు.

*

సరిగ్గా అప్పుడే రాజధాని నుంచి కాల నిర్ణయ నిపుణుడు డాక్టర్ అష్టకాల వాగీశ్వరం గారు తనిఖీకి వచ్చారు. ఆయన దగ్గర భూతద్దం ఉంది, నియమావళి ఉంది. కోసిన జత ముందు కూర్చుని, అద్దంలా మెరుస్తున్న ముఖాన్ని పావుగంట పరీక్షించారు.

"ఈ ఉపరితలం వయసెంత?" అన్నారు.

"పందొమ్మిది వందల ఎనిమిది..." అన్నారు శరభేశ్వరరావు గారు.

"ఉపరితలం అంటే పైకి కనబడేది. ఇది పైకి కనబడడం ఎప్పటినుంచి?"

శరభేశ్వరరావు గారు రిజిస్టరు తిరగేయసాగారు. పారయ్యే చెప్పాడు. "నిన్న మజ్జేనం నుంచి బావూ."

"అంటే ఒక రోజు. నియమం ఏడు ప్రకారం నూరేళ్ళు నిండని భాగం ఒక్కటున్నా వస్తువు మొత్తం హోదా కోల్పోతుంది." వాగీశ్వరం గారు గాజు పెట్టెల వైపు తిరిగారు. ఆయన గొంతు మెత్తబడింది. "అసలు ఉపరితలం అక్కడుంది. అంటే నాలుగో నంబరు ఇంజను ఆ పెట్టెల్లో ఉంది. బయట టార్పాలిన్ కింద ఉన్నది శేష శరీరం మాత్రమే."

ఇది విని కాపలావాళ్ళలో ఒకడు టోపీ తీశాడు.

"ఆ సేస శరీరాన్ని ఏటి సేస్తారు బావూ?" అన్నాడు పారయ్య.

"హోదా లేని ఇనుము తుక్కు కిందికి వస్తుంది. దిమ్మె కూడా దానికి వర్తించదు."

పారయ్య ఇన్నాళ్ళూ దిమ్మెకు భయపడ్డాడు. ఇప్పుడు దిమ్మె కూడా లేదు. గ్యాస్ కట్టరు పట్టుకుని ఎవరో వచ్చి, బాయిలరును పనసకాయ కోసినట్టు కోసి లారీలో వేసుకుపోతారు. తన చేత్తో కొత్తగా నునుపు చేసిన చక్రం, ఒక్క మీటరు కూడా దొర్లకుండానే! అతనికి ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

కాని అధికారులకు అప్పుడే ఇంకో భయం పట్టుకుంది. ఆహ్వానపత్రాలు అచ్చయిపోయాయి. 'ఏప్రిల్ పద్దెనిమిదిన నాలుగో నంబరు ఇంజను గెడ్డపాలెం నుంచి నిమ్మలవలసకు ప్రయాణించును' అని బంగారు రంగు అక్షరాల్లో ఉంది. ముఖ్య అతిథి ఒప్పుకున్నారు.

"అయితే నాలుగో నంబరు ప్రయాణించవలసిందే," అన్నారు వాగీశ్వరం గారు. "పెట్టెల్ని ప్రయాణింపజేయండి."

పెట్టెల్ని పట్టాల మీద నడిచే చదును బండి మీదికి ఎక్కించి మనుషుల చేత తోయిద్దామనుకున్నారు. పొట్టు బరువు పెద్దగా లేదు గాని, గాజు పెట్టెలు, చల్లగాలి మిషన్లు, జనరేటరు, నలుగురు కాపలావాళ్ళు, ముఖ్య అతిథి కుర్చీ అన్నీ కలిసి రెండు బళ్ళయ్యాయి. గెడ్డ దగ్గర ఎత్తు ఉంది. పన్నెండు మంది కూలీలు ఒక పూటంతా తోసి, దండం పెట్టి వెళ్ళిపోయారు.

"ట్రాక్టరు?" అన్నారొకరు. ట్రాక్టరు పట్టాల మీద నడవదని నిర్ధారించడానికి ఒక ఉపసంఘం వేయబోతుండగా, మూలన నిలబడ్డ పారయ్య గొంతు సవరించుకున్నాడు.

"బావూ, షెడ్డు బయట ఊరూ పేరూ నేని ఇంజనొకటున్నాది."

శరభేశ్వరరావు గారు కనుబొమలు ముడిచారు. "దానికి వారసత్వ హోదా ఏమైనా ఉందా?"

"నేదు బావూ. మొన్ననే తీసీసినారు."

"అయితే వాడుకోవడానికి అభ్యంతరం లేదు." ఆయన వాగీశ్వరం గారి వైపు చూశారు. వాగీశ్వరం గారు నియమావళి తిరగేసి, లేదన్నట్టు తలూపారు.

మిగతా రెండు జతలనూ పారయ్య నాలుగు రోజుల్లో కోసేశాడు. చూడ్డానికి ఒక్క అధికారి రాలేదు. పొట్టు జలజలా రాలి మోకాళ్ళ దాకా పేరుకుంది. సాయంత్రం దాన్ని చీపురుతో ఊడ్చి తట్టలకెత్తుతుంటే అతనికి పండగలా ఉంది. చివర్లో గుర్తులు కొట్టే పంచి తీసుకుని, చక్రం పక్కన మూడు చుక్కలు కొట్టి, కింద గీత గీశాడు.

*

వారసత్వ దినం నాడు పూలదండలన్నీ గాజు పెట్టెలకే పడ్డాయి. ముఖ్య అతిథి ఒకటో నంబరు చుట్ట ఉన్న గాజుకు చేతులానించి కళ్ళకద్దుకున్నారు. "నూరేళ్ళ పైబడి మన నేలను ముద్దాడిన లోహం ఇది," అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. ముందున్న ఇంజను ఫొటోల్లో పడకుండా దాని మీదికి ఒక బ్యానరు కట్టారు.

పారయ్య డ్రైవరు పక్కన ఎక్కాడు. బండి కదిలింది. అతను బయటికి చూడలేదు, కిందికి చెవి పెట్టాడు. గెడ్డ మలుపు వచ్చింది. అంచు పట్టాకు ఒరుసుకున్న కీచు లేదు, ఎగిరిన కుదుపు లేదు. చక్రం మలుపు తిరుగుతోందన్న సంగతి కూడా తెలియకుండా తిరిగింది. పారయ్యకు ఏడుపొచ్చింది. డ్రైవరు చూస్తున్నా సరే, భుజం మీది తువ్వాలుతో మొహం కప్పుకుని ఏడ్చాడు.

నిమ్మలవలసలో దిగేసరికి శరభేశ్వరరావు గారు ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకున్నారు. ఆయన కళ్ళు కూడా చెమర్చి ఉన్నాయి.

"పారయ్య గారూ, నాకు మాట రావడం లేదు. ఈ ఇంజను ఇవాళ్టి నుంచి మామూలు ఇనుము కాదు. పవిత్ర మూల పదార్థాన్ని మోసిన వాహనం! ప్రత్యేక అధికారంతో దీనికి వారసత్వ హోదా పునరుద్ధరిస్తున్నాను. దిమ్మె సిద్ధంగానే ఉంది. రేపే వెల్డింగు."

ఆయన ఇస్తున్నది వరమేనని ఆయన మనసా వాచా నమ్మారు. పారయ్య నెమ్మదిగా భుజాన ఉన్న సంచి దింపి, పంచీ సుత్తీ తీశాడు. పట్టాల పక్కన పడున్న ఇనుప పలక మీద టక్, టక్, టక్ మని మూడు చుక్కలు కొట్టాడు. ఉలితో కింద ఒక గీత పెట్టాడు. పలకను శరభేశ్వరరావు గారి చేతికిచ్చాడు.

శరభేశ్వరరావు గారు చూశారు. తిప్పి చూశారు. ఆవిరి, అగ్ని, ఉక్కు, సామ్రాజ్యం ఆయన కళ్ళ ముందు ఒక్కొక్కటే రాలిపోయాయి.

"ఇది..."

"నా గుర్తు బావూ. తొంభయ్యారులో నానే కోసి కొట్టినాను. ఆ యేల సెప్పబోతే మీరు రాసిమ్మన్నారు. నాకు రాయడం రాదు." పారయ్య గొంతు తగ్గించాడు. "ఇంకోటి కూడా ఉన్నాది. ఆ సక్రాల సుట్టూ ఉండీ ఉక్కు కట్లు, టైర్లంటారే, అయి ఎనభై ఒకటిలో కొత్తవి ఏసినాం. మీ పెట్టిల్లో ఉన్నాదే, దాంట్లో పందొమ్మిదొందల ఎనిమిది ఇనుము నలుసంత కూడా నేదు."

వెనక ముఖ్య అతిథి ఎనిమిది వందల డెబ్బై ఏడో నంబరు ముందు నిలబడి నెత్తుటి చరిత్ర అడుగుతున్నారు. శరభేశ్వరరావు గారు అటు చూశారు, ఇటు చూశారు.

"ఈ మాట ఎవరికైనా చెప్పారా?"

"ఇంకా నేదు బావూ."

చివరికి శరభేశ్వరరావు గారికి తన భాష తిరిగి దొరికింది. "మూల పదార్థ శాతం రీత్యా, ఈ ఇంజను వారసత్వ హోదా పరిశీలనకు అర్హం కాదు."

"ఎప్పటికీనా?"

"శాశ్వతంగా."

"అలగైతే నాకేటీ గురుతు నేదు బావూ," అన్నాడు పారయ్య, పంచి సంచిలో వేసుకుంటూ.

*

దిమ్మె ఖాళీగా ఉండకూడదు గనక దాని మీద అద్దాల మంటపం కట్టి పొట్టును ప్రతిష్ఠించారు. ఇంజను షెడ్డు రిజిస్టరులో 'పొట్టు లాగు బండి, ఒకటి' అని నమోదై ఉంది. హోదా లేని వస్తువు గనక ఎవరైనా ఎక్కవచ్చు. ప్రతి ఆదివారం నిమ్మలవలస దాకా వెళ్ళి వస్తుంది, జనం కిటకిట. మంటపం దగ్గర మాత్రం కాపలావాళ్ళు నలుగురే ఉంటారు.

రెండేళ్ళకు చక్రాలు మళ్ళీ అరిగాయి. పారయ్య మళ్ళీ లేతెక్కించాడు. శరభేశ్వరరావు గారు అటుగా వెళ్తూ, లేతు చప్పుడు విని, తల అవతలికి తిప్పుకుని నడిచిపోయారు. ఆ సాయంత్రమే సుగుణ పరుగున వచ్చింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"బాబాయ్, కొంప మునిగింది. రేపు తనిఖీ. ఎనిమిది వందల డెబ్బై ఏడు కనబడ్డం లేదు. చీమలు పట్టుకుపోయాయో ఏమో, సీసాలో 'రక్తసిక్తం' అన్న చీటీ ఒక్కటే ఉంది. నా ఉద్యోగం పోతుంది."

పారయ్య చీపురు గోడకు ఆనించాడు. మోకాళ్ళ దాకా ఉన్న పొట్టు కుప్పలోకి చెయ్యి పెట్టి, కలియదిప్పి, సరైన సైజు ముక్క ఒకటి ఏరాడు. ఏరుతుంటే బొటనవేలికి గుచ్చుకుంది. అతను వేలు దులుపుకోలేదు. ముక్కను అలాగే సుగుణ చేతిలో పెట్టాడు.

"ఇదిగో తల్లీ, పందొమ్మిదొందల ఎనిమిది. ఇంకా తడిగున్నాది, ఆరినాక సీసాలో పెట్టు."